మామ్మ మైనం పోసిన టేబుల్

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు ఒకే గుమ్మంలోంచి వస్తూ పోతూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు. ఒకరు మా నాన్న, రెండోవారు మా పెదనాన్న. గోపాలపట్నం మార్కెట్ వెనక మా తాతయ్య పెట్టిన పూల్ టేబుల్ హాలు ఉండేది, కర్రతో బంతుల్ని కొట్టి టేబుల్ చిల్లుల్లో పడేసే ఆటకి. పోర్టులోనూ రైల్వేలోనూ డ్యూటీ దిగినవాళ్ళు సాయంత్రాలు వచ్చి ఆడుకునేవారు. హాలు వెనక గదుల్లో ఒక వైపు మేం, ఇంకో వైపు వాళ్ళు. తాతయ్య పోయాక హాలు ఎవరిదన్న దగ్గర మొదలైన గొడవ కుళాయి దాకా వచ్చింది. మా అమ్మ బిందె పెడితే పెద్దమ్మ తీసి పక్కన పడేసేది. మా అమ్మ మాత్రం ఊరుకునే రకమా! చర్చిలో కూడా ఒకరు కుడి పక్కన, ఒకరు ఎడమ పక్కన కూర్చుని ఒకే దేవుణ్ణి ప్రార్థించి, ఇంటికొచ్చి మళ్ళీ తిట్టుకునేవారు.

చివరికి ఇద్దరూ పందెం వేసుకున్నారు. ఒక్క ఆట. గెలిచినవాడిది హాలు, ఓడినవాడు పెళ్ళాం పిల్లలతో ఇల్లు ఖాళీ చెయ్యాలి. నాన్న ఓడితే మేం వీధిన పడతామని తలుచుకుంటే నాకు అన్నం సయించేది కాదు. తమాషా ఏమిటంటే హాలు ఉన్నది మా మామ్మ పేరు మీద. నాన్నను, పెదనాన్నను కన్న తల్లి ఆవిడ. ఆవిణ్ణి ఒక్కరూ అడగలేదు. సంగతి తెలిసి మామ్మ హాలుకు తాళం వేసి, ఆట రోజు దాకా ఎవరూ టేబుల్ ముట్టుకోకూడదంది. ఆవిడ నోటికి ఇద్దరూ భయపడేవారు కనుక సరేనన్నారు.

ఆ టేబుల్ సంగతి చెప్పాలి. పచ్చ గుడ్డ కింద ఉండేది చెక్క కాదు, మూడు రాతి పలకలు. పలకల అతుకుల్లో మైనం కరిగించి పోసి, ఆరాక బ్లేడుతో గీకి చదును చేస్తారు. అప్పుడే బంతి తిన్నగా దొర్లుతుంది. తాతయ్య మన్యం నుంచి వచ్చే తేనె మైనమే వాడేవాడు. ఆయన పోయాక ఒకసారి గుడ్డ మార్చినప్పుడు పెదనాన్న క్రిస్మస్ ఆరాధనలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు తెచ్చి కరిగించి పోశాడు. చర్చిలో వెలిగించినవి పారెయ్యకూడదని మా ఇళ్ళల్లో అన్నీ దాచేవారు. మైనం మైనమే కదా, పైగా దేవుడిది అనుకున్నాడు. ఆ మైనం పెళుసు. నాలుగు నెలలు తిరిగేసరికి ఒక అతుకు దగ్గర బీటలు తీసి రాలిపోయింది. అక్కడికి రాగానే మెల్లగా వచ్చే బంతి ఎడమకు తిరిగేది. అది పెదనాన్నకు తెలుసు, నాన్నకూ తెలుసు. ఇద్దరూ వేలెడు కుడికి గురిపెట్టి కొట్టడం అలవాటు చేసుకుని, బయటివాళ్ళ మీద గెలుస్తూ గొప్పలు పోయేవారు. బాగుచెయ్యాలన్న బుద్ధి మాత్రం ఒక్కడికీ పుట్టలేదు.

ఆటకు ముందు రోజు ఆనందపురంలో చుట్టాల పెళ్ళి. అందరూ వెళ్ళారు. నాకు జ్వరమని మామ్మ దగ్గర వదిలేశారు. బస్సు ఎక్కారో లేదో మామ్మ పాత వడ్రంగిని పిలిపించింది. గుడ్డ జాగ్రత్తగా ఊడదీసి, కొవ్వొత్తి మైనమంతా తవ్వేసి, రాయిని వెచ్చచేసి తేనె మైనం పోయించింది. హాలంతా కమ్మటి వాసన. గీకడం అయ్యాక తన గోటితో అతుకు మీద గీసి చూసుకుంది. మళ్ళీ అదే గుడ్డ బిగించి మేకులు కొట్టించింది. నా వైపు తిరిగి, "ఎవులికైనా సెప్పినావంటే నాలిక కోసేత్తాను గుంటా" అంది.

నాలుక పోతే పోనీ, ఇల్లు పోతే ఎలా? మర్నాడు పొద్దున్నే నాన్న గుమ్మంలో కూర్చుని బంతిని కొట్టే క్యూ కర్రకు మైనం పట్టిస్తున్నాడు. మా సముద్రపు గాలికి కర్ర చెమటచేతిలో జిగురుగా అతుక్కుంటుంది. అందుకని పల్చగా రాసి, తోలుముక్కతో కర్ర వేడెక్కేదాకా రుద్దేవాడు. నేను చెవి దగ్గరికి వెళ్ళి, టేబుల్ బాగుచేశారు నాన్నా, తిన్నగా కొట్టు అన్నాను. రుద్దడం ఆపి నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేదు. "ఎవులు సెప్పమన్నారే నీకు? మీ పెదనాన్నా?" అన్నాడు. కాదు నాన్నా, మామ్మే చేయించింది, నా కళ్ళారా చూశాను అన్నాను. "ఆ టేబులు నాకు తెల్దేటి? లోపలికి నడువ్!" అని కసిరాడు. కన్నకూతురు శత్రువు మనిషైపోయింది! నాకు ఏడుపు, ఏడుపును మించిన కోపం వచ్చాయి.

ఆట మొదలైంది. కుర్చీలో మామ్మ, గోడలకు ఆనుకుని మేమంతా. అతుకు దాటాల్సిన దెబ్బ వచ్చినప్పుడల్లా నాన్న గురి తప్పాడు, పెదనాన్నా తప్పాడు. ఎదుటివాడు ఏదో చేశాడని ఒకరినొకరు బూతులు తిట్టుకున్నారు తప్ప, ఒక్కడైనా వంగి టేబుల్ చూడలేదు. చివరికి నల్ల బంతి ఒక్కటే మిగిలింది, అది వేసినవాడిదే గెలుపు. దెబ్బ నాన్నది, అదీ అతుకు మీంచే. కర్ర ఎత్తి నా వైపు చూశాడు. గుర్తొచ్చిందన్నమాట! తిన్నగా, తిన్నగా అని తల ఊపాను. ఒక క్షణం ఆగాడు. ఆగి, వేలెడు కుడికే కొట్టాడు. బంతి అంచుకు తగిలి వెనక్కొచ్చింది. పెదనాన్న పళ్ళు ఇకిలించి వంగి, ఆయనా కుడికే కొట్టాడు. అదీ పోలేదు.

మామ్మ లేచి నల్ల బంతిని చేత్తో తీసి చిల్లులో పడేసింది. "టేబులు సక్కగున్నాది. మీ సూపులే వంకర. హాలు నాది. ఉండేవోడు నా కాడ పన్జేసుకోండి, లేనోడు పొండి" అంది. ఆ రోజు మొదటిసారి అన్నదమ్ములిద్దరూ ఒక్క మాట మీద నిలబడ్డారు, తల్లిని తిట్టడానికి. ఎవరూ ఎక్కడికీ పోలేదు. ఎవరూ కలవనూ లేదు. ఆవిడ బతికున్నంత కాలం తాళంచెవి ఆవిడ బొడ్లోనే ఉంది.

నాన్న నాతో చాలా రోజులు మాట్లాడలేదు. నేను అబద్ధం చెప్పి ఉంటే మాట్లాడేవాడే. ఆయన పోయి ఏళ్ళైంది, ఆ చూపు మీద నా కోపం ఇంకా పోలేదు. అయితే నేనూ ఆయన కూతుర్నే. పడనివాళ్ళు నాకూ ఉన్నారు. వాళ్ళలో ఎవరో మునుపటిలా వంకరగా లేరని ఎవరైనా వచ్చి చెబితే, ఎవరు చెప్పమన్నారు నీకు అన్న మాట నా నోటిదాకా వస్తుంది. దాన్ని మింగి, వాళ్ళతో ఒక్కసారి తిన్నగా మాట్లాడి చూస్తాను.