రేకు అని చెప్పిన రెక్క

మా దమ్మపేటలో నలభై ఏళ్లు దాటిన రైతు విమానం బొమ్మ కడుతున్నాడంటే జనం ఎలా చూస్తారో నాకు తెలుసు. అందుకే పామాయిల్ తోటలో పని లేని రోజుల్లో తలుపు దగ్గరికేసుకుని కట్టాను. పాతకాలపు యుద్ధ విమానం. రెక్క కొస నుంచి కొసకు మూరెడు పైనే ఉంటుంది. పెట్టెలో కొనుక్కొచ్చినవి, అన్నీ ప్లాస్టిక్ ముక్కలే, మూడు వందలకు పైగా. మూత బిగించాక ఎవరికీ కనపడవని తెలిసి కూడా ఇంజన్ లోపలి గొట్టాలకు రంగులు వేశాను. "నీకు గింత ఓపికుందని పెళ్లప్పుడు ఎవ్వరూ చెప్పలే," అని నా భార్య ఎగతాళి చేసేది. నా ఓపికంతా వస్తువుల దగ్గరే. మనుషుల దగ్గరికొస్తే ముక్కు మీద కోపం.

లోపలి ముక్కలకు కుంచె సరిపోయింది కానీ, రెక్కల మీద వేస్తే చారలు పడ్డాయి. జూలూరుపాడులో లారీలకు, ట్రాక్టర్లకు రంగులేసే భాయ్ నాకు పదేళ్ల స్నేహితుడు, వయసులో పెద్దవాడు. లారీల వెనక చిలకలూ పూలూ వేయడానికి ఆయన దగ్గర చిన్న స్ప్రే గన్ ఉండేది. విమానానికి బూడిదరంగు పూత ఒకటి వేసి, పాత చీరలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను.

షెడ్డులో ముగ్గురు లారీ డ్రైవర్లు కూర్చుని ఉన్నారు. చీర విప్పగానే ఒకాయన నవ్వాడు.

"ఏందన్నా, పిల్లలాడుకునే ప్లాస్టిక్ బొమ్మకు గూడ పెయింటింగా?"

నాకు చుర్రుమంది.

"ప్లాస్టిక్ కాదు. అల్యూమినియం రేకు," అన్నాను.

భాయ్ దాన్ని చేతిలో తూచి చూశాడు. "మస్తు తేలిగ్గుంది తమ్మీ. నిజంగ రేకేనా?"

"చెప్పిన కద భాయ్! మళ్లమళ్ల అడుగుతవేంది?"

ఆయన విమానాన్ని బల్ల మీద పెట్టాడు. రంగు వేసే ముందు రేకును, రంగు పలచన చేసే థిన్నర్‌లో తడిపిన గుడ్డతో తుడవడం ఆయన అలవాటు. చేతి జిడ్డు ఉంటే రంగు నిలవదు. థిన్నర్ తగిలితే ప్లాస్టిక్ కరుగుతుందని నాకు బాగా తెలుసు. ఆయన సీసా మూత తీసేటప్పుడు నేను ఆ డ్రైవర్లకు విమానం గొప్పలు చెబుతున్నాను. తిరిగి చూసేసరికి కుడి రెక్క మెత్తబడిపోయింది. నేను రోజూ తడిమి మురిసిపోయిన రివెట్ల వరసలు చెరిగిపోయాయి. భాయ్ వేలిముద్రలు రెక్కలోకి దిగి ఉన్నాయి.

కనీసం అప్పుడైనా నిజం ఒప్పుకోవచ్చు. కానీ డ్రైవర్లు చూస్తున్నారు. "లారీ డబ్బాలు పూసెటోనికి ఇస్తే గిట్లనే అయితది!" అని అరిచి, విమానాన్ని అక్కడే వదిలేసి వచ్చాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మూడు వారాలకు బస్సు డ్రైవర్ విమానాన్ని తెచ్చి ఇంట్లో ఇచ్చి వెళ్లాడు. కరిగిన చోట భాయ్ లప్పం పెట్టి, వాటర్ పేపర్‌తో అరగదీసి, రివెట్లను ఒక్కొక్కటిగా సూదితో మళ్లీ పొడిచాడు. పైన ఆకుపచ్చ, కింద లేత నీలం. వెతికినా ఒక్క చార లేదు. ఫోన్ చేద్దామనుకున్నాను. రేపు రేపు అంటూ రెండేళ్లు గడిపాను. ట్రాక్టర్‌కు రంగు వేయించాల్సి వస్తే, భాయ్ దగ్గరికి వెళ్లడానికి ముఖం చెల్లక సత్తుపల్లి తీసుకెళ్లాను.

పోయిన నెల ఇక మనసాగక జూలూరుపాడులో దిగాను. తప్పు నాదేనని ఎలా చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కుంటూనే ఉన్నాను. నన్ను చూడగానే భాయ్ లేచొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మాఫ్ చెయ్ తమ్మీ. అమ్మినోడు ఎవడో రేకని చెప్పి నిన్ను మోసం చేసిండు. నీకేం తెలుస్తది? నేను ముప్పై ఏండ్ల సంది గీ పని చేస్తున్న. చెయ్యి పెట్టంగనే నాకు తెల్వాలె గద. తప్పు నాదే."

నేను నోరు తెరిచేలోపు ఆయన భార్య చాయ్ తెచ్చింది. "గీ తమ్ముడే," అని ఆమెతో అన్నాడు. "గంత కష్టపడి కట్టుకున్నది ఖరాబ్ చేస్తే, ఒక్క మాట అని ఊకున్నడు. మంచోడు."

నేను చాయ్ తాగాను. "పోనీలే భాయ్, అయిందేదో అయింది," అని ఆయన్ను క్షమించి వచ్చాను.