సర్దుకో అన్నా

మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీల కోసం ఆ గుండ్రటి భవనం ఇంకా కడుతున్న రోజుల్లో, దానికి కాస్త దూరంలో ఉన్న రెండు గదుల ఆఫీసులో కూర్చుని నేను మనుషులను తూచేదాన్ని. మాది పద్దెనిమిది సీట్ల బుల్లి విమానాల కంపెనీ. హైదరాబాద్ నుంచి రాజమండ్రికి రోజుకొకటి. అంత చిన్న విమానంలో ప్రతి కిలో లెక్కే కనుక, ప్రయాణికులను సంచులతో సహా కాటా ఎక్కించి, బరువు రాసుకుని, వ్యాన్‌లో బేగంపేట విమానాశ్రయానికి పంపేవాళ్లం. కాటా మీద ఆడవాళ్లు చెప్పులు విప్పేవారు, మగవాళ్లు పొట్ట లోపలికి లాక్కునేవారు. పొట్ట లాక్కుంటే బరువు తగ్గుతుందా అని వేళాకోళం చేసేదాన్ని. నా దబాయింపంతా చిన్నవాళ్ల మీదేలెండి.

ఎండాకాలం మధ్యాహ్నాలు చిక్కు వచ్చేది. గాలి వేడెక్కితే ఆ విమానం పూర్తి బరువుతో లేవలేదు. పైలట్ ఫోన్ చేసి ఇన్ని కిలోలు తగ్గించమనేవాడు. ఎవరిని దించాలో తేల్చేది నేను. ఉన్నమాట చెప్పాలంటే, గొడవ చేయనివాళ్లను వెతికి దించేదాన్ని. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు.

మా వ్యాన్ డ్రైవర్ పాలమూరు మనిషి, హఫీజ్‌పేట్‌లో కిరాయికుండేవాడు. రోజూ జనాన్ని విమానం దాకా చేరవేసేవాడే గాని తనెప్పుడూ ఎక్కలేదు. ఒక మే నెల పొద్దున ఏడ్చిన కళ్లతో వచ్చాడు. రాజమండ్రిలో వంతెన పనికి వెళ్లిన తమ్ముడు పైనుంచి పడ్డాడట. ఆస్పత్రిలో ఉన్నాడు, ఈ పూట గడవడం కష్టమన్నారట. రైలెక్కితే మర్నాటికి గాని చేరడు. మా మేనేజర్ ఆ మధ్యాహ్నం విమానానికే అతనికి స్టాఫ్ టికెట్ రాయించాడు. తమ్ముడి భార్యతో అతను మా ఆఫీసు ఫోన్‌లోనే మాట్లాడాడు.

"వానికి చెప్పు బిడ్డా, నేను ఇమానంల వస్తున్న. నాలుగింటికల్ల వాని కాడుంట."

గుడ్డ సంచితో కలిపి అరవై రెండు కిలోలు తూగాడు.

ఒంటిగంటకు ఫోన్ మోగింది. అరవై కిలోలు తగ్గించాలి. గ్రానైట్ వ్యాపారి ఒకాయన రెండు పెట్టెల నిండా రాళ్ల నమూనాలు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రెండూ కలిపితే ఇంచుమించు అంతే. వాటిని రేపటి విమానంలో పంపుతామని అడగవచ్చు. అడుగుదామనే లేచాను.

"ఏంటమ్మా ఈ ఆలస్యం? మీ చైర్మన్‌గారికి ఫోన్ చేయమంటారా?" అన్నాడాయన.

నేను అక్కడే తగ్గిపోయాను. ముందు దిగాల్సింది స్టాఫే అని రూలుంది కదా అనుకున్నాను. డ్రైవర్ మనవాడే కదా అనుకున్నాను. అతని యాసలో అడిగితే పని సులువవుతుందని కూడా అనుకున్నాను.

"జర సర్దుకో అన్నా," అన్నాను.

అతను నా మొహంలోకి చూశాడు. "నా తమ్ముడు మేడం."

నేను లిస్టు చూస్తున్నట్టు తల దించుకున్నాను. కాసేపటికి అతనే, "సరే తియ్. మీరు మాత్రం ఏం జేస్తరు," అన్నాడు.

బేగంపేట దాకా వ్యాన్ తనే నడిపి, తాళాలు అక్కడి మనిషికిచ్చి విమానం ఎక్కాలన్నది ముందు అనుకున్న ఏర్పాటు. వ్యాన్ అతనే నడిపాడు. రాళ్ల పెట్టెలు కూడా అతనే దింపాడట. తర్వాత సికింద్రాబాద్ వెళ్లి రైలెక్కాడు. చేరేసరికి తమ్ముడు పోయి రాత్రి గడిచిపోయింది.

దినాలయ్యాక పనిలోకి వచ్చాడు. నేనేదో అనబోతే ఆపేశాడు. "ఇమానం ఖరాబై ఎగురలేదని జెప్పిన ఇంట్ల. మరదలు నమ్ముతలేదు. ఫోన్ చేస్తే మీరు గూడ గట్లనే చెప్పుర్రి మేడం."

నాలుగు రోజులకు ఆమె ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది. మా అన్న విమానంలో వస్తున్నాడని ఆమె భర్త వార్డులో అందరికీ చెప్పుకున్నాడట. నాలుగింటికి పైన చప్పుడు వినబడగానే, అన్న దిగాడు, తీసుకురా అని ఆమెను గేటు దగ్గరికి పంపాడట. ఆమె అక్కడ ఎదురుచూస్తుండగానే ఇటు ప్రాణం పోయింది.

"ఇమానం వచ్చింది మేడం. నేను ఈ చెవులతోని విన్న. మా బావ అసలు బయలెల్లిండా?"

ఆ ఊరికి ఆ వేళకు వెళ్లేది మా విమానం ఒక్కటే.

"అది మాది కాదమ్మా. మా విమానం ఆ రోజు లేవలేదు," అన్నాను.

"అయ్యో, నేను బావను అందరి ముంగట నోటికొచ్చినట్టు తిట్టిన మేడం. తిరిగి ఒక్క మాట అనలే ఆయన," అని ఏడ్చింది.

ఆ తిట్లన్నీ పడాల్సింది నేనమ్మా అని చెప్పేయాలనిపించింది.

"ఊరుకోమ్మా," అన్నాను.