ముప్పై రెండు బిట్ల మిషన్, ఒక చుక్క

నంద్యాలలో నేను పాఠాలు చెప్పే కాలేజీలో, మధ్యాహ్నం డబ్బా మూత తీసి ఫోన్ చూసుకుంటూ అన్నం తినడం నాకున్న చెడ్డ అలవాటు. ఆ రోజు ఆ అలవాటే నన్ను తిననివ్వలేదు. మా అన్న రాళ్ల మీద అక్షరాలు చెక్కే మిషన్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ల దగ్గర నుంచి మెయిల్ వచ్చింది. రాబోయే వెర్షన్ నుంచి ముప్పై రెండు బిట్ల ప్రాసెసర్లున్న పాత కంప్యూటర్లలో అది పనిచేయదనీ, అలాంటివి ఇంకా ఎవరైనా వాడుతుంటే చెప్పమనీ రాశారు. మర్యాదగానే రాశారు. నేను మాత్రం పెరుగన్నం మీద అలాగే మూత పెట్టేశాను.

మా అన్నది ఆళ్లగడ్డ. అక్కడ చాలామంది దేవుళ్ల విగ్రహాలు చెక్కుతారు, మా అన్న అక్షరాలు చెక్కుతాడు. చర్చిలకు శంకుస్థాపన రాళ్లు, ఇళ్ల ముందు పేర్లు, అన్నిటికంటే ఎక్కువగా సమాధి పలకలు. పక్షవాతం వచ్చినప్పుడు ఆయన కుడిచేతి పట్టు పోయింది. నడక తిరిగి వచ్చింది, మాట వచ్చింది, ఆ చెయ్యి మాత్రం సుత్తి పట్టలేకపోయింది. షెడ్డులో రాళ్ల మధ్య కుర్చీ వేసుకొని, రోడ్డు మీద పోయే బస్సులు చూస్తూ కూర్చునేవాడు. వదిన వచ్చి అన్నానికి పిలిస్తే, పని చేయనోడికి ఆకలేందని అనేవాడట. అది విన్నాకే నేను మిషన్ సంగతి ఎత్తాను.

ఇనుప చట్రం వెల్డింగ్ చేయించి, మోటార్లు బిగించి, మా కాలేజీలో మూలన పడేసిన పాత కంప్యూటర్‌ను దానికి తగిలించాం. వెనకటి ప్రింటర్ల కేబుల్ పెట్టే వెడల్పాటి పోర్టు దానికి ఉంది. ఎంత జరగాలో, ఎక్కడ ఆగాలో మోటార్లకు చెప్పేది ఆ పోర్టు గుండానే. సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరికింది, దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, దిద్దుకోవచ్చు. మిషన్ మొదటి పేరు చెక్కిన రోజు అన్న ఎడంచేతి వేలితో అక్షరాల లోతు తడుముకుంటూ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, అందులో దాచేదేముంది.

అన్న షెడ్డులో ఒక పద్ధతి ఉంది. మా నాయన పెట్టింది. సమాధి పలక మీద పేరూ బైబిలు వాక్యమూ ఎవరు చెక్కినా, చివర పెట్టే చుక్క మాత్రం ఇంటివాళ్లే పెట్టాలి. పలక తీసుకుపోయేందుకు వచ్చినప్పుడు అన్న ఉలి పట్టుకుంటాడు, చనిపోయినవాళ్ల కొడుకో భార్యో తోబుట్టువో సుత్తితో కొడతారు. ఆ చుక్క పడేదాకా రాయి షెడ్డు దాటదు. మిషన్ వచ్చాక కూడా అన్న దాన్ని మార్చలేదు. ఇంకో పట్టింపు కూడా ఉంది, బతికున్నవాళ్ల పేరు సమాధి రాయి మీద పొరపాటున కూడా రాయకూడదు.

ఇక మెయిల్ సంగతి. ఉన్న కంప్యూటర్ ఉన్నట్టు నడుస్తుంది కదా, కొత్త వెర్షన్ లేకపోతే కొంపలేమీ మునగవు కదా అని మీరనొచ్చు. నేనూ ఆ మాటే అనుకొని చూశాను. కానీ దాని హార్డ్ డిస్క్ అప్పటికే కటకటమంటోంది. ఏదో ఒకరోజు అది పోతుంది. అప్పుడు పాత వెర్షన్ ఎక్కడ దొరుకుతుందో, దొరికినా అందులో ఏదైనా తేడా వస్తే సరిచేసేవాళ్లు ఎవరో తెలియదు. మిషన్ ఆగితే అన్న మళ్లీ ఆ కుర్చీలోకి పోతాడు. నా భయమంతా ఆ కుర్చీ గురించే.

మేం వాడుతున్నామని జవాబు రాశాను. ఆ పనిని చూసుకునే మనిషి ఎక్కడో చలిదేశంలో ఉంటాడు. నేను తప్ప ఇంకెవరూ రాయలేదని చెప్పాడు. నిజమైన మిషన్ మీద ప్రతి వెర్షన్‌నూ ముందుగా పరీక్షించి పెడతానంటే ఇంకొంతకాలం కొనసాగిస్తామన్నాడు. మొదట ఒళ్లు మండింది. తర్వాత చూస్తే ఆయనకూ జీతం లేదు, ఉద్యోగం అయ్యాక ఇంట్లో కూర్చొని చేస్తున్న పని అది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక సరేనన్నాను.

అప్పటి నుంచి నా ఆదివారాలు పోయాయి. చర్చి కాగానే నంద్యాలలో బస్సెక్కడం, దారిలో శిరివెళ్ల దాటేదాకా దేవుణ్ణి వేడుకోవడం. ఎందుకంటే పరీక్షించడానికి వేరే మిషన్ లేదు. కాపాడుకోవాల్సిన మిషన్ మీదే కొత్త వెర్షన్ ఎక్కించాలి, అది చెడితే ఉన్నదీ పోతుంది. పాతదాన్ని ఒక కాపీ తీసి పెట్టుకున్నా, తిరిగి లేస్తుందన్న నమ్మకం నాకెప్పుడూ లేదు. పనికిరాని రాతి ముక్కను మిషన్ కింద పెట్టి గుండ్రాలూ గీతలూ గీయించేదాన్ని. అన్నకు అది అస్సలు నచ్చేది కాదు. రాయిని ఊరికే గీకడం మా ఇంట్లో ఎప్పుడూ లేదు.

ఒక ఆదివారం నేను వదిన దగ్గర కాఫీ తాగి వచ్చేసరికి, అన్న ఆ ముక్క తీసేసి పాణ్యం ఊరివాళ్లు ఆర్డరిచ్చిన పలక పెట్టేశాడు. చనిపోయిన ఒక టీచరమ్మ పేరు. చెల్లెలు చేసిన పని తప్పు పోతుందా అన్నది ఆయన ధైర్యం. సగం పేరు బాగానే వచ్చింది. అంతలో మోటారు జరగాల్సిన లెక్క తప్పింది, మిగతా అక్షరాలన్నీ పక్కకు జరిగి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. నేను స్విచ్ ఆపేసరికే జరగాల్సింది జరిగిపోయింది.

అన్న చెడిన అక్షరాల మీది దుమ్ము తుడిచాడు. తిట్టి ఉంటే బాగుండేది. చనిపోయినవాళ్ల పేరున్న రాయిని పారేయకూడదు కాబట్టి, మనిషిని పిలిపించి షెడ్డు వెనక గుంత తవ్వించి పూడ్పించాడు. పాత వెర్షన్ తిరిగి ఎక్కించి, కొత్త పలక మీద ఆ పేరు మళ్లీ మొదటి నుంచి చెక్కించాం. నేను మిషన్ పక్కనే నిలబడి ఉన్నాను, కూర్చోవడానికి ధైర్యం చాలలేదు.

జరిగింది ఆ మనిషికి రాశాను. తన సెలవులన్నీ దాని మీదే పెట్టి తప్పు ఎక్కడుందో కనిపెట్టాడు, దిద్దాడు. దాంతోపాటే ఇంకోమాట రాశాడు. తన దగ్గర అలాంటి కంప్యూటర్ ఇప్పుడు ఒక్కటి కూడా లేదట. కంటికి కనబడని మిషన్ కోసం గుడ్డిగా దిద్దుతూ పోతే ఏదో ఒకరోజు ఎవరికైనా హాని చేస్తానేమోనని భయంగా ఉందట. పాత కంప్యూటర్లకు ఇదే చివరి వెర్షన్, క్షమించమన్నాడు. భయం సంగతి నాకు తెలుసు కాబట్టి వాదించలేదు.

ఆ మెయిల్ అన్నకు తెలుగులో చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"మన మాదిరి మిషన్ ఇంగెవురికీ లేదా మ్మా?"

"రాసినోళ్లు ఎవరూ లేరన్నా."

"అట్లయితే మన ఒక్కరి కోసరం ఆ యప్ప ఎంతకాలమని చేస్తాడు? ఇడిసిపెట్టు. కొత్తదాని సంగతి సూడు."

చెప్పడం తేలిక. అరవై నాలుగు బిట్ల కంప్యూటర్ ఒకటి దొరికింది, దానికి ఆ వెడల్పాటి పోర్టు లేదు. పోర్టు కోసం విడిగా ఒక కార్డు తెప్పించి బిగించాను. కార్డు గుండా పోయే మాట మోటారుకు క్షణంలో వెయ్యో వంతు ఆలస్యంగా చేరినా అక్షరం చెడుతుంది. కాలేజీలో బోర్డు మీద రాస్తున్నా నా మనసు ఆ కార్డు చుట్టే తిరిగేది. ఏమైందని పిల్లలు అడిగితే తలనొప్పి అన్నాను.

కొత్తది బిగించిన రోజు గీతలూ గుండ్రాలూ సరిగ్గానే వచ్చాయి. అన్నకు అది చాలలేదు. గీత వచ్చినంత మాత్రాన అక్షరం వస్తుందని ఏముందన్నాడు. అది నిజమే, పాణ్యం పలక మీద తప్పింది కూడా అక్షరాల దగ్గరే. ఊరికే అక్షరాలు గీకి పారేయడానికి అన్న ఒప్పుకోడు, మరి ఎవరి పేరు పెట్టాలి? ఆర్డరున్న పేరు పెట్టే ధైర్యం ఇద్దరికీ లేదు. అన్న మూలకు పోయి, తన కోసం ఎంచి పెట్టుకున్నట్టు ఒక మంచి నల్లరాయి పలకను చూపించాడు.

"నా పేరు పెట్టు."

బతికున్నవాళ్ల పేరు పెట్టకూడదని నాకు నేర్పినవాడే ఆ మాట అన్నాడు. వద్దన్నాను, కాదన్నాను, వదినతో చెప్తానన్నాను.

"చెడిపోతే నాదే చెడిపోతాది. ఇంగొకరి ఇంట్లోవాళ్లు ఏడ్సరు. పెట్టు మ్మా."

అన్న పేరు నా చేత్తోనే టైపు చేశాను. కింద ఆయన ఎప్పుడూ చెప్పే వాక్యం, యెహోవా నా కాపరి. మీట నొక్కాక నేను కళ్లు మూసుకోలేదు, మూసుకోలేకపోయాను. ఒక్కో అక్షరం తెల్లటి దుమ్ములోంచి బయటికి వస్తుంటే, తప్పు పోకూడదని ఒక పక్కా, అసలు ఆ పేరే రాకూడదని ఇంకో పక్కా మొక్కుకుంటూ నిలబడ్డాను. ఒక్క అక్షరం కూడా జరగలేదు. అన్న తడిగుడ్డతో తుడిచి, ఎడంచేతి వేలితో తన పేరంతా తడుముకున్నాడు. చాలా బాగొచ్చిందని నవ్వాడు. ఆ నవ్వు చూసి నేనూ నవ్వాను, పట్టరాని సంతోషమే అనిపించింది.

అప్పుడు వాక్యం చివర ఖాళీగా ఉన్న చోటు కనబడింది. సుత్తి పక్కనే ఉంది. నేను దాని వైపు చూడటం అన్న చూశాడు. ఇప్పుడు కాదని తల ఊపి, పలకను గోడ వైపు తిప్పి నిలబెట్టమన్నాడు.

ఆ మిషన్ మీద ఇప్పుడు ఆత్మకూరు పేర్లూ వస్తున్నాయి, కొత్తపల్లె పేర్లూ వస్తున్నాయి. ఆ కుర్చీ షెడ్డులోంచి పోయింది. అరవై నాలుగు బిట్లలో కూడా మరీ పాతవాటిని ఏదో ఒకనాడు వదిలేస్తామని ఎవరో మెయిల్ రాశారు, అది చదివి మళ్లీ అన్నం డబ్బాకు మూత పెట్టాను. ఆళ్లగడ్డకు పోయిన ప్రతిసారీ ముందు మిషన్ చప్పుడు వింటాను, తర్వాత గోడ వైపు చూస్తాను. మా నాయన పెట్టిన పద్ధతి ప్రకారం ఆ చుక్క వదినో నేనో పెట్టాలి, ఆ రోజు ఉలి పట్టుకోవడానికి అన్న ఉండడు.