రేకుల గదికి సలహా అడగబోయిన రోజు

మే నెల మధ్యాహ్నం మా అక్క కుట్టుమిషన్ మీదే సొమ్మసిల్లి పడిపోయింది. ఆమెకు ఏడో నెల. బావ మేస్త్రీ పని మీద వేరే ఊళ్లో ఉన్నాడు. రాంనగర్‌లో మాది కిరాయి గది, పైన రేకులు. నేను పాత కూలర్ కొనితెచ్చినా ఉక్క తగ్గలేదు. "ఇంకోసారి ఇట్లయితే బిడ్డకే కష్టం" అంది డాక్టరమ్మ. కరెంటు పొదుపు, సోలార్ గురించి ఉచితంగా సలహా చెప్పే ప్రభుత్వ కేంద్రం అశోక్‌నగర్‌లో ఉందని ఒక గోడ మీద చదివిన గుర్తు. మర్నాడు పనికి నాగా పెట్టి బయల్దేరాను.

పదింటికి షేర్ ఆటో ఎక్కితే ఇరవై రూపాయలు. అశోక్‌నగర్‌లో దిగితే ఆ కేంద్రం కనబడలేదు. ఆ వీధిలో ఒక అపార్ట్‌మెంట్ మీదికి నిరుడు ఐదంతస్తులు సోలార్ ప్యానెళ్లు మోసింది నేనే. దాని వాచ్‌మన్ నన్ను గుర్తుపట్టాడు. గోడ మీద చదివి వచ్చానంటే నవ్వాడు. "ఆ ఆఫీసు చిక్కడపల్లికి పోయి మస్తు రోజులైంది తమ్మీ. గోడకెవరు చెప్తరు?"

చిక్కడపల్లికి నడిచాను. అక్కడ గంట సేపు వరుసలో నిలబడితే కౌంటర్‌లో ఆయన తల ఎత్తకుండా అడిగాడు.

"మీటర్ ఎవరి పేరు మీదుంది?"

"ఓనర్ పేరు మీద."

"కప్పు?"

"అదీ ఓనర్‌దే. దాని కింద మా అక్క ఉంది సార్."

"ఇక్కడ సోలార్ దరఖాస్తులే. సలహాకైతే నారాయణగూడ పో."

ఆ బల్లను ఎత్తి పడేయాలన్నంత కోపం వచ్చింది. పడేస్తే అక్కకు ఒరిగేదేమీ లేదు కాబట్టి నడిచాను. నారాయణగూడ చేరేసరికి ఒంటిగంట, తలుపుకు తాళం. పక్క బండి దగ్గర పులిహోర తిని రెండు దాకా మెట్ల మీద కూర్చున్నాను. అక్క సంగతి చెప్తే, వచ్చిన మేడం మాత్రం మీటర్ ఎవరిదని అడగలేదు.

"కూలర్ ఎక్కడ పెట్టినవ్?"

"గదిలోనే మేడం. బయట పెడితే ఎత్తుకపోతరు."

"తలుపు?"

"మూసే ఉంచుతం. చల్లదనం పోతది కదా."

ఆమె పెన్ను కింద పెట్టింది. "లోపలి గాలినే తిప్పి తిప్పి తడి చేస్తున్నవ్ తమ్మీ. ఆ ఉక్కకు మంచిగున్నోళ్లే తట్టుకోలేరు. కూలర్ కిటికీ బయట పెట్టు, ఎదురు తలుపు తెరువు. రేకు మీద సున్నంలో జర జిగురు కలిపి తెల్లగ కొట్టు."

పొద్దున్నుంచి అందరినీ తిట్టుకుంటూ వచ్చాను. అక్కను ఆ ఉక్కలో పెట్టి తలుపు మూసింది నేను.

"ఈ ముక్క మా బస్తీకొచ్చి ఎందుకు చెప్పరు?" గట్టిగానే అడిగాను.

"ఇక్కడ నేనొక్కదాన్నే" అంది మెల్లగా.

నాలుగింటికి ఇంటికొచ్చి కూలర్‌ను బయట స్టూలు మీద పెట్టి, గొలుసుతో కిటికీ ఊచలకు కట్టి తాళం వేశాను. "ఏమన్నరు రా?" అంది అక్క. "తప్పు నాదే అన్నరు." ఆమె "అయితే తలుపు తెరువు" అంది.

కోపం పోలేదు. సొంత కప్పు ఉన్నవాళ్ల డాబా మీదికి సలహా మెట్లెక్కి పోతుంది. మేం దానికోసం మూడు పేటలు తిరగాలి. మా వరుసలో ఇంకో ఎనిమిది గదులున్నాయి, అన్నిట్లో కూలర్లు లోపలే. ఆ సాయంత్రం ఎనిమిది తలుపులూ తట్టాను.

మీరూ పోయేదుంటే రెండు దాటాక నేరుగా నారాయణగూడకే పోండి. కప్పు, కిటికీ, కూలర్ ఫోటోలు ఫోన్లో తీసుకుపోండి. కూలర్ లోపలే ఉంటే మాత్రం అంతదాకా ఆగొద్దు. ఇప్పుడే లేచి తలుపు తెరవండి.