మబ్బులాయన తెల్లచొక్కా

అమ్మానాన్నా పెట్టిన పేరొకటి ఆయనకి ఉంది. బొమ్మ కింద మూల సంతకానికి తప్ప అది దేనికీ పనికి రాలేదు. ఆ సంతకం కూడా చట్రం కింద దాగిపోయేది. వీధిలో అందరూ ఆయన్ని మబ్బులాయన అనేవాళ్ళు. మబ్బులు బాగా వేస్తాడని కొందరు అలా అంటే, కింద చూసి నడవడని కొందరు. రెండూ నిజమే.

ఆయన చెక్క పలకల మీద వేసేవి సోఫా పైన గోడకి తగిలించుకునే బొమ్మలు. ఒక కొండ, కొండ కింద నీళ్ళు, నీళ్ళలో పడవ, వీటన్నిటి మీదా ముప్పాతిక వంతు ఆకాశం. వీధి చివర ఫ్రేముల కొట్టతను వాటిని తీసుకునేవాడు. అతని లెక్కలో బొమ్మంటే ఫ్రేము మధ్య ఖాళీ కనపడకుండా పెట్టే సామాను. ఫ్రేము చిన్నదైతే బొమ్మని రంపంతో కోసేసేవాడు. ఒకసారి పడవ ముందు భాగం కోసేసి, "చూడు బాబాయ్, పడవ బయటికి వెళ్ళిపోతున్నట్టు లేదూ? కదలిక వచ్చింది" అన్నాడు. మబ్బులాయన నవ్వి ఊరుకున్నాడు. ఇంటికొచ్చి నెల రోజులు పడవ జోలికి పోలేదు.

ఆ నవ్వు ఏ రకం నవ్వో తెలిసింది ఆయన భార్య ఒక్కతికే. నవ్వి వచ్చిన రోజున ఆయన బ్రష్షులు రెండుసార్లు కడిగేవాడు, మాట్లాడేవాడు కాదు. ఆవిడకి మాత్రం నోరు ఆగేది కాదు. ఆ కొట్టతన్ని నిలువునా కోసి వాడి ఫ్రేములోనే బిగించాలని కింద అట్టపెట్టెలు చేసేవాళ్ళకి కూడా వినపడేలా అనేది.

వాళ్ళు ఉండేది ఆ అట్టపెట్టెల షాపు పైన రెండు గదుల్లో. ముందు గదికి ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉంది. పెళ్ళయిన కొత్తలో ఆ కిటికీ వెలుగు చూసి మురిసిపోయి ఇల్లు మాట్లాడేసుకొచ్చాడు. కుళాయి కింద ఉందనీ, ముప్పై రెండు మెట్లున్నాయనీ ఆయనకి తట్టలేదు. నీళ్ళు మోసేది ఆయన కాదు మరి.

పలకలు తయారు చెయ్యడం ఆవిడ పని. చెక్క పలక మీద జిగురూ సుద్దపొడీ కలిపిన తెల్లపూత పెట్టి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది, మళ్ళీ పూత, మళ్ళీ రుద్దడం. అలా నాలుగుసార్లు. చెంపకి ఆనిస్తే చల్లగా, నున్నగా తగలాలి. లేకపోతే చెక్క రంగుని తాగేస్తుంది. నలభై ఏళ్ళు రుద్ది రుద్ది ఆవిడ వేలికొసల గీతలు చెరిగిపోయాయి. ఒక ఆఫీసులో వేలిముద్ర వెయ్యమంటే కాగితం మీద మరక పడింది గానీ ముద్ర పడలేదు. "గీతలన్నీ ఆయన కొండల కింద ఉన్నాయి, కావాలంటే వెళ్ళి తీసుకోండి" అని వచ్చేసింది.

ఆవిడకి చదువు లేదు, సొమ్ములు లేవు. తెలుపు ఉంది. ఆవిడ పూసిన పలకంత తెల్లటి పలక ఎక్కడా దొరకదనీ, ఆవిడ ఉతికిన చొక్కా అంత తెల్లటి చొక్కా ఆ వీధిలో ఎవడి ఒంటిమీదా ఉండదనీ ఆవిడ గర్వం. అందుకే ఒకరోజు పొద్దున్న ఆయన ఉతికిన చొక్కా చేత్తో పట్టుకుని, "ఏమే, సబ్బు మార్చావా? పచ్చబడిపోయింది" అనేసరికి ఆవిడకి ఒళ్ళు మండింది. మాట్లాడకుండా తీసుకెళ్ళి మళ్ళీ ఉతికి, నీలిమందు పెట్టి ఆరేసింది. ఇంకా పచ్చగానే ఉందన్నాడు. మళ్ళీ పెట్టింది. ఇంకా పోలేదన్నాడు. మూడోసారి కోపం కొద్దీ గుప్పెడు నీలిమందు బకెట్లో కుమ్మరించి ముంచి తీసింది. చొక్కా ఆకాశం రంగులోకి తిరిగింది. దాన్ని ఆయన వెలుగులో పట్టి చూసి, తొడుక్కుని, "ఇదీ తెలుపంటే" అన్నాడు.

వెటకారం చేస్తున్నాడేమోనని ఆవిడ మొహంలోకి చూసింది. వెటకారం లేదు. గుండీలు పెట్టుకుని, వేసిన పలక చంకన పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆవిడ బకెట్టు అక్కడే వదిలేసి ముందుగదిలోకి వచ్చింది. అప్పుడు గదిలో పలకల వంక కొత్తగా చూసింది. కొన్నాళ్ళుగా ఆయన మబ్బులు నీలంగా వస్తున్నాయి. నీళ్ళు నీలంగా, కొండలు ఊదాగా, ఎండ కూడా నీలంగా. ఏదో కొత్త పద్ధతి పట్టాడనుకుంది ఇన్నాళ్ళూ. పద్ధతీ కాదు, పాడూ కాదు. కంటికి పొర అడ్డుపడి లోకమంతా పసుపు మరకలా కనిపిస్తుంటే, గుర్తున్న ఆకాశం వచ్చేదాకా నీలం కలుపుతూ పోతున్నాడు మనిషి.

సాయంత్రం రాగానే చెప్పాలనుకుంది. ఆ సాయంత్రం ఆయన ఒక్కడే రాలేదు. ఆయన వెనకాలే మెట్లన్నీ ఎక్కుకుంటూ, పెద్దవీధిలో బొమ్మల ప్రదర్శనలు పెట్టే హాలావిడ వచ్చింది. కొట్లో ఒక నీలం బొమ్మ చూసి కాలు కదపలేకపోయిందట. గోడకి ఆనించిన పలకల ముందు చాలాసేపు నిలబడి, ఇలాంటి ఆకాశం నేనెక్కడా చూళ్ళేదు మాస్టారూ అంది. ఫ్రేమెంతలో కావాలని అడగలేదు. ఏ సోఫా పైకి అనీ అడగలేదు. ఆయన్ని మాస్టారూ అన్న మొదటి మనిషి ఆవిడే.

ఆ మర్నాటి నుంచి ఆయన పని చేస్తూ కూనిరాగం తీసేవాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఆ రాగం వినలేదు. పలక రుద్దుతూ పక్కగదిలోంచి వింటూ, ఇవాళ కాదు రేపు చెబుదాంలే అనుకునేది. హాల్లో ఎనిమిది బొమ్మలు పెట్టారు. జనం వాటి ముందు గుళ్ళో నిలబడ్డట్టు మాట్లాడకుండా నిలబడ్డారు. ఒక పెద్దాయన, ఈ రంగు ఎలా పట్టారని అడిగితే, మబ్బులాయన వినయంగా, "పట్టడమేముందండీ, కనిపించింది వేశాను" అన్నాడు. పక్కనే ఉన్న భార్య తల దించుకుంది. ఊళ్ళో అందరి మొహానా చెప్పాల్సింది చెప్పేసే మనిషి, మొగుడి దగ్గర నోరు కుట్టేసుకుంది. ఆయనకేమో లేత నీలం చొక్కాలు ఉతికి ఆరేస్తూనే ఉంది.

అలా మూడేళ్ళు గడిచాయి. కొత్త పలక మోసుకొస్తూ మెట్ల మీద చివరి మెట్టు కనపడక ఆయన బోర్లా పడ్డాడు. పలకకి ఏమీ కాలేదు గానీ పళ్ళు రెండు ఊడాయి. ఇక ఆవిడ ఊరుకోలేదు, చెయ్యి పట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరాయన్నాడు డాక్టరు. ముందు కుడి కన్ను, నెలన్నర ఆగి ఎడమ కన్ను ఆపరేషను చేస్తానన్నాడు. కుడి కంటికి ఆపరేషను చేసి కట్టు కట్టిన రోజు, టీ పోసిన గ్లాసులోంచి చూస్తున్నట్టే ఇన్నాళ్ళూ చూస్తున్నారు, రేపు కట్టు విప్పాక మీకే తెలుస్తుంది అన్నాడు.

మర్నాడు కట్టు విప్పించుకుని ఇంటికొచ్చి, ఆయన ముందుగదిలో కుర్చీలో కూర్చున్నాడు. గోడకి హాలావిడ కోసం వేసిన నాలుగు పలకలు ఆనించి ఉన్నాయి. వాటినే చూశాడు. తరవాత కుడి కన్ను మూసుకుని చూశాడు. మళ్ళీ తెరిచి చూశాడు.

"ఇవి నేను వేసినవేనా?"

"మీరు కాక ఎవరు వేస్తారు, కింద అట్టపెట్టెలవాళ్ళా?"

ఆయన దానికి నవ్వలేదు. తీగ మీద ఆరేసిన చొక్కాల వైపు తిరిగాడు. "నీకు తెలుసు కదూ" అన్నాడు.

అబద్ధం ఆడేద్దామనుకుంది. నోటిదాకా వచ్చింది కూడా. "తెలుసు."

"ఎప్పటినుంచి?"

"చొక్కా దగ్గర్నుంచి."

"మూడేళ్ళూ వీధిలో నేను ఏ రంగు చొక్కా వేసుకుని తిరిగానే?"

"ఆకాశం రంగు."

"మరి చెప్పలేదేం?"

వెయ్యి కారణాలున్నాయి ఆవిడ దగ్గర. ఒక్కటే బయటికి వచ్చింది. "కూనిరాగం తీస్తున్నారు కదా అని."

ఆయన లేచి తీగ మీద చొక్కాలు ఒక్కొక్కటే తీసి మడతపెట్టి, పెట్టె అడుగున పెట్టాడు. కేకలేస్తాడని ఎదురుచూసింది. వెయ్యలేదు. కేకలేసి ఉంటే బావుండేదని తరవాత చాలాసార్లు అనుకుంది.

హాలావిడ ఇంకో తొమ్మిది బొమ్మలు కావాలంది. ఆయన పాత పలక పక్కన పెట్టుకుని, బాగుపడ్డ కంటితో అదే నీలం కలిపాడు. రంగు ఆవగింజంత తేడా లేకుండా కుదిరింది. బొమ్మ మాత్రం కుదరలేదు. చూసి రాసుకున్న పరీక్షలా ఉంది. మూడు వేశాక ఫ్రేముల కొట్టతను ఏదో పని మీద వచ్చి చూసి, ఎంతో మెచ్చుకున్నాడు. "ఇవి నాకిచ్చెయ్ బాబాయ్. సోఫా పైకి అచ్చం సరిపోతాయి."

మబ్బులాయన నవ్వాడు. అదే నవ్వు.

మర్నాడు ఆవిడ నీళ్ళు మోసుకుని పైకి వచ్చేసరికి, ఆయన కుడి కంటికి దూది పెట్టి, పైన ప్లాస్టరు అంటించుకుని, పొర ఇంకా ఉన్న ఎడమ కంటితో పలక ముందు కూర్చున్నాడు. బ్రష్షు చకచకా కదులుతోంది. ఎడమ కంటి ఆపరేషను రోజు వచ్చింది. వెళ్ళనన్నాడు. ఆవిడ ఒక్కతే డాక్టరు దగ్గరికి వెళ్ళి అడిగితే, ఇంకా వదిలేస్తే కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతుంది, అప్పుడు నేను చేసేదేమీ ఉండదు అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఈ బొమ్మలకోసం కన్ను పోగొట్టుకుంటారా?"

"నలభై ఏళ్ళు రెండు కళ్ళతో వేశాను కదే. కొట్టువాడు రంపంతో కోశాడు."

నోటితో గెలవలేక ఆవిడ చేతులతో గెలవాలనుకుంది. పలకలు పూయడం మానేసింది. "చచ్చే కంటికి నేను పలక రుద్దను" అని ఉప్పుకాగితాలన్నీ మంచం కిందకి తోసేసింది. ఆయన బతిమాలలేదు. కొట్లో దొరికే పలకలు తెచ్చుకున్నాడు. అవి రంగుని తాగేశాయి. ఆకాశమంతా మచ్చలు మచ్చలుగా ఎండిపోయింది. పదిరోజులు ఇంట్లో మాటల్లేవు. వంట చేసి పెడితే తిన్నాడు, గ్లాసు కడిగి బోర్లించాడు. ఆయన ఓడిపోతాడని ఆవిడకి నమ్మకంగానే ఉంది.

పదకొండో రోజు మధ్యాహ్నం పక్కగదిలోంచి బరబరా చప్పుడు వినిపించి వెళ్ళి చూసింది. ఆయన మంచం కిందనుంచి కాగితం లాక్కుని, నేల మీద కూర్చుని పలక రుద్దుతున్నాడు. తడి ఆరని పూతని రుద్దుతున్నాడు. పెళ్ళలు ఊడి వస్తున్నాయి. మొహం నిండా సుద్ద. కంటికి అంటించుకున్న దూదిమీద కూడా సుద్ద.

ఇంకొక్క రెండు రోజులు ఆవిడ ఆ గది గడప దాటకుండా ఉంటే ఆయనే ఆపరేషనుకి దిగొచ్చేవాడు. ఆ సంగతి ఆవిడకి అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. వెళ్ళి కాగితం ఆయన చేతిలోంచి లాక్కుంది. "లేవండి, చెక్క పాడుచేస్తున్నారు" అంది. ఆ పలకకి నాలుగు పూతలూ పెట్టి, చెంపకి ఆనించి చూసి, తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టింది. చొక్కా దగ్గర చేసిన తప్పే పలక దగ్గరా చేసింది. పక్కగదిలో కూనిరాగం మొదలయింది. ఆ రాగానికి ఆవిడ ఎప్పుడూ లొంగిపోయేదే.

ఎనిమిది బొమ్మలు పూర్తయ్యాయి. తొమ్మిదో దాని మధ్యలో, పట్టపగలు, బ్రష్షు కింద పడేసి ఎడమ కన్ను రెండు చేతులతో పట్టుకుని వాంతి చేసుకున్నాడు. తల పగిలిపోతోందన్నాడు. అట్టపెట్టెలవాళ్ళు మెట్ల మీంచి మోసుకొచ్చి ఆస్పత్రికి చేర్చారు. డాక్టరు చెయ్యగలిగింది చేశాడు. కట్టు విప్పాక ఆ కంటికి కిటికీ ఎటుందో తెలిసింది, అంతే.

హాలావిడ ఎనిమిది బొమ్మలూ గోడకెక్కించింది. చూసినవాళ్ళు బాగున్నాయన్నారట. ఆలుమగలిద్దరూ వెళ్ళలేదు. తరవాత ఒకసారి హాలావిడే ఇంటికొచ్చి, ఒంటికంటితో వేస్తున్న కొత్త పలకలు చూసి, "ఇవీ బాగున్నాయి మాస్టారూ" అని టీ సగం తాగి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. మంచిమనిషే, మర్యాదస్తురాలు. అబద్ధం చెప్పడం మాత్రం చేతకాదు.

ఇప్పుడు మళ్ళీ కొండలూ నీళ్ళూ పడవలూ వేస్తున్నాడు. కొట్టతను కోస్తున్నాడు. ఆవిడ పలకలు రుద్దుతోంది. నీలిమందు డబ్బా ఎప్పుడో వీధిలో పారేసింది. ఆయనకి ఉన్న ఒక్క కన్నూ చక్కగా పనిచేస్తుందని డాక్టరు ప్రతిసారీ చెబుతాడు. అయినా మబ్బు మొదలుపెట్టే ముందు ఆయన తెలుపు కొంచెం పలక మూల రాసి, ఆవిడ వైపు తిప్పి అడుగుతాడు.

"తెలుపేనా?"

"తెలుపే."

ఒకప్పుడు ఆవిడ మాట మీద పూత మందం చూసుకునేవాడు కాదు, చెయ్యి వేసి తడిమేవాడు కాదు. ఇప్పుడు సరేనంటాడు. అని, పలక చేత్తో పట్టుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి మళ్ళీ తనే చూసుకుంటాడు. ఆవిడ చూడనట్టు తల తిప్పుకుని, చేతిలో పలక రుద్దుకుంటూ కూర్చుంటుంది.