పగటి లైటు సిద్ధయ్య

సిద్దిపేట నేతగాళ్ల వాడలో మగ్గం లేని ఇల్లు లేదు. సైకిల్ ఉన్న ఇల్లు మాత్రం ఒక్కటే, అది సిద్ధయ్యది. యుద్ధం రోజుల్లో, దండు ఉండే లష్కర్‌లో ఒక సిపాయి అమ్ముకుంటుంటే కొని తెచ్చాడు. దాని ముందు చక్రం నడుమ గిన్నెంత డబ్బా ఉండేది. చక్రం తిరిగితే అందులో కరెంటు పుట్టి, హ్యాండిల్ మీది లైటు వెలిగేది. వాడకు కరెంటు రాకముందే సిద్ధయ్య చక్రానికి వచ్చిందని జనం చెప్పుకునేవారు.

బ్రేకు రబ్బర్లే దొరకలేదు. ఉన్నవి అరిగిపోయాయి. అత్తగారింటికి పోయే చిన్నకోడూరు తోవ దిగుడులో ఒకసారి సైకిల్ చెయ్యి దాటిపోయి, వెనక కూర్చున్న భార్య కొండవ్వను తంగేడు పొదలో పారేసింది. అప్పటి నుంచి ఆమె పుట్టింటికి నడిచే పోయేది. పక్కన ఆయన సైకిల్ తోసుకుంటూ పోయేవాడు.

"సైకిల్‌కు కాళ్లు నొస్తున్నయా సిద్దన్నా?" అని ఎదురొచ్చినవాళ్లు అడిగేవారు.

ఆ మాట ముల్లులా దిగింది. కొండవ్వను మళ్లీ ఎక్కించుకోవాలి. లైటు వేసుకుని తొక్కుతుంటే కాళ్లకు కొంచెం బరువు తగులుతుందని ఆయన కనిపెట్టాడు. ఇక నిద్ర పట్టలేదు.

"దిగుడుల లైటేస్తే అదే మనల్ని పట్టుకుంటదే," అన్నాడు భార్యతో.

"గంత సన్న లైటు ఇద్దరు మనుషులను పట్టుకుంటదా?"

"లైటెలగాలంటే చక్రం కష్టపడాలె. కష్టపడేటోడు ఉరుకుతడా?"

"ఉరుకడు. నిన్ను రోజు జూస్తనే ఉన్న గద," అంది కొండవ్వ. కానీ ఎక్కింది. "ఈసారి పడేస్తే మాత్రం మళ్ల ఎక్క," అని ముందే చెప్పింది.

మిట్టమధ్యాహ్నం లైటు వేసుకుని దిగారు. సైకిల్ కొత్త కోడలిలా నెమ్మదిగా దిగింది. కాస్త ఎడమకు లాగింది, అంతే. హ్యాండిల్ వంకర అనుకున్నాడు సిద్ధయ్య. అత్త రామవ్వ వాకిట్లో చెప్పిందే మళ్లీ చెప్పి, తిన్న అన్నం అరిగేదాకా ఆ లైటు గొప్ప చెప్పాడు.

"సూర్యునికి తోవ సూపెడుతున్నవా?" అని ఊరంతా నవ్వింది. ఆయన లెక్కచేయలేదు. యుద్ధం అయిపోయి బజారులోకి రబ్బర్లు వచ్చినా కొనలేదు. చీరల మూటతో ఒక్కడే పోయినప్పుడు మాత్రం దిగుడు దగ్గర దిగి నడిచేవాడు. లైటు మీద నమ్మకం లేక కాదట, చీరలకు మట్టి అంటితే ఎవరూ కొనరట. భార్యకు అంటితే ఏమిటో చెప్పలేదు.

చెప్పులు కుట్టే ఇశ్రాయేలు ఒకనాడు కొండవ్వ చెప్పులు తిరగేసి చూశాడు. మడమల దగ్గర తోలు లేనే లేదు.

"సిద్దన్నా, మీ ఇంటామె నడుస్తదా, దున్నుతదా?"

సిద్ధయ్య ఇంటికొచ్చి, "కాళ్లెత్తి నడువే జర," అన్నాడు.

"నీ ఎంబడి ఉండి గట్ల అలవాటైంది," అని కొండవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎందుకు నవ్విందో ఆయన అడగలేదు.

ఆ ఎండాకాలంలోనే జ్వరం వచ్చి కొండవ్వ పోయింది.

నెల మాసికానికి రామవ్వను పిలవడానికి సిద్ధయ్య బయల్దేరాడు. వెంట మూట లేదు, మనిషీ లేదు. అలవాటు కొద్దీ దిగుడులో లైటు వేశాడు. లైటు మంచిగానే వెలిగింది. సైకిల్ ఎడమకు లాగలేదు. తాడు తెంచుకున్న లేగలా నేరుగా ఉరికి, ఆయనను అదే తంగేడు పొదలో వేసింది.

పువ్వుల మధ్య కూర్చుని మోచెయ్యి దులుపుకుంటుంటే కొండవ్వ చెప్పులు గుర్తొచ్చాయి. వెనక ఒక పక్కకు కూర్చునేది, ఎడమ వైపుకు కాళ్లు వేసి. ఇన్నేళ్లూ ఆ రెండు మడమలే నేలను రాస్తూ వచ్చాయి. లైటు ఆపింది నూలు పోగంత. మిగతాదంతా ఆమెదే.

"ఒక్క మాట చెప్తే ఏం బోయెనే?" అన్నాడు పైకే. చెబితే ఆయన ముఖం ఎట్లా ఉండేదో ఆయనకే తోచి, పొదలో కూర్చునే నవ్వాడు. ఆ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. కళ్లు తుడుచుకుని సైకిల్ లేపాడు.

మట్టి కొట్టుకున్న అల్లుడిని చూసి రామవ్వ గడప దిగింది.

"పడ్డవా బిడ్డా? లైటెయ్యలేదా?"

"ఏసిన అత్తా," అన్నాడు సిద్ధయ్య. "రేపు రబ్బర్లు ఏపిస్త."