బొట్టు పెట్టిన హార్డ్ డిస్కులు

ఒక పెళ్లిని ముహూర్తం నుంచి అప్పగింతల దాకా ఆనవాలు లేకుండా తుడిచేయమని మీట నొక్కిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు చూడండి, నేనే. పోనీ ఎవరో దారిన పోయేవాళ్ల పెళ్లా అంటే అదీ కాదు. నాకు అన్నం పెట్టే యజమాని కూతురి పెళ్లి. కావాలని చేయలేదని ఇప్పుడు చెబితే మీరు నమ్ముతారు కానీ, ఆ రోజు నేనే నన్ను నమ్మే స్థితిలో లేను.

జనం సీడీల మీద పాటలు ఎక్కించుకోవడానికి కంప్యూటర్ షాపుల ముందు నిలబడే రోజులవి. నంద్యాలలో ఓబులేసు శెట్టి గారి షాపులో నేను రిపేర్లు చేసేవాణ్ని. వాళ్ల నాయన కాలంలో అది కిరాణా కొట్టు. కొడుకు కంప్యూటర్లలోకి దిగాడు గానీ కొట్టు వాసన వదల్లేదు. కందిపప్పు డబ్బాలో ర్యామ్ ముక్కలు, చింతపండు జాడీలో స్క్రూలు ఉండేవి. హార్డ్‌వేర్ కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్న నేను ఆ షాపులో అడుగుపెట్టినప్పటి నుంచి, ఇక్కడి నుంచి మహానంది దాకా నా అంత తెలిసినవాడు లేడని గట్టిగా నమ్ముతూ ఉండేవాణ్ని. ఆ నమ్మకాన్ని నాతో పంచుకున్నవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

ఆ ఏడు దసరా ముందు ఆళ్లగడ్డలోని ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు తమ ల్యాబులోని పాత కంప్యూటర్లను పాత సామాన్ల వాళ్లకు అమ్మేయాలనుకున్నారు. వాటిలో పిల్లల మార్కులు, పరీక్ష పేపర్లు ఉన్నాయట. అవి ఎవరి చేతిలోనో పడితే పరువు పోతుందని కాలేజీ ఆయన భయం. హార్డ్ డిస్కులన్నీ పీకించి, గోనెసంచిలో వేసి, బస్సులో మాకు పంపించాడు. వాటిని మళ్లీ ఎవరూ చదవలేనట్టు తుడిచి ఇవ్వాలి.

డిలీట్ కొడితే సరిపోదా అంటారేమో. సరిపోదు. డిలీట్ అంటే ఇంటి ముందున్న పేరు పలక పీకేయడమే. లోపల మనుషులు హాయిగా కాపురం చేస్తూనే ఉంటారు. వాళ్లను నిజంగా ఖాళీ చేయించాలంటే డిస్కు ఈ చివర నుంచి ఆ చివర దాకా సున్నాలు రాసుకుంటూ పోవాలి. ఒక్కొక్క డిస్కుకు పూట పడుతుంది. అన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటి చేస్తూ కూర్చుంటే సంక్రాంతి దాటుతుంది. అందుకని నేనొక ఏర్పాటు చేశాను. ఒక కంప్యూటర్ పెట్టె మూత పీకేసి, అదనపు కార్డులు గుచ్చి, కేబుళ్లు బయటికి లాగి, డిస్కులన్నిటినీ బల్ల మీద బారుగా పేర్చి ఒకేసారి తగిలించేలా సిద్ధం చేశాను. నా దగ్గరొక సీడీ ఉండేది. అది పెట్టి, ఒక్క మాట కొట్టి, ఎంటర్ నొక్కితే చాలు, తగిలించిన ప్రతి డిస్కునూ తుడిచేస్తుంది.

"మళ్లా ఒకమాటన్నా అడగదా అది?" అన్నాడు ఓబులేసన్న.

"అడగదన్నా. దాని గొప్పే అది," అన్నాను నేను.

ఇప్పుడు కథలోకి పెళ్లి వస్తుంది. అదే బస్సులో, అదే సంచిలో, ఆళ్లగడ్డ నుంచి ఇంకొక డిస్కు కూడా వచ్చింది. ఓబులేసన్న కూతురు వాసవి పెళ్లి ఆ వేసవిలోనే ఆళ్లగడ్డలో జరిగింది. వీడియో తీసినవాడు బాషా. తీసిందంతా కంప్యూటర్‌లోకి ఎక్కించి, సీడీలు మా దగ్గరే రాసుకోమని ఆ డిస్కును పేపర్లో చుట్టి పంపాడు. అది ఒట్టి పెళ్లి వీడియో అయితే నాకింత భయం ఉండేది కాదు. పెళ్లయిన కొద్ది రోజులకే ఓబులేసన్న వాళ్ల అమ్మ గురమ్మవ్వ పోయింది. అవ్వ కదిలేదీ, మాట్లాడేదీ ఆ ఒక్క వీడియోలోనే ఉంది. దీపావళికి కూతురూ అల్లుడూ వచ్చినప్పుడు అందరూ కలిసి కూర్చుని చూడాలని ఇంట్లో ఒకటే ఎదురుచూపు.

పేపరు విప్పితే ఆ డిస్కూ కాలేజీ డిస్కులూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి, ఒకే రంగువి. పేరు రాసి అంటించమన్నాడు ఓబులేసన్న. నా పెన్ను ఎండిపోయింది. ఇంకొక పెన్ను కోసం లేవడానికి బద్ధకమేసింది. చేతికందే దూరంలో దేవుడి పటం, దాని కింద కుంకుమ భరిణె కనిపించాయి. వేలు ముంచి పెళ్లి డిస్కుకు ఒక బొట్టు పెట్టాను. "బొట్టున్నదే పెండ్లిదన్నా. గుడ్డోడు కూడా పొరపాటు పడడు," అన్నాను. గుడ్డివాడెవరూ ఆ పొరపాటు చేయలేదు, అది నిజమే.

మర్నాడు ఆయుధ పూజ. ఓబులేసన్న భార్య లక్ష్మీదేవక్క షాపుకు వచ్చింది. వాసవి పెళ్లి ఏ పెట్టెలో ఉందని అడిగితే చూపించి, నేను గుమ్మడికాయ తేవడానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి షాపు కళకళలాడుతోంది. తక్కెడకు బొట్టు, ప్రింటర్‌కు బొట్టు, స్క్రూడ్రైవర్లకు బొట్టు. బల్ల మీది ప్రతి హార్డ్ డిస్కుకూ, ఒక్కటి కూడా వదలకుండా, పసుపూ కుంకుమా చక్కగా పెట్టి ఉన్నాయి.

పాఠకులారా, తెలివైనవాడు అక్కడ ఆగి అక్కను ఒక్క మాట అడిగేవాడు. నేను అక్క పెట్టిన ఓళిగలు తిన్నాను. పెళ్లి డిస్కు ఎడమ చివర ఉండేదని నాకు బాగా గుర్తు. కాబట్టి ఎడమ చివరిది తీసి సొరుగులో దాచాను. బల్ల తుడవడానికి అక్క అన్నిటినీ ఎత్తి మళ్లీ పేర్చిందన్న సంగతి నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

పండగ మర్నాడు మిగిలిన వాటన్నిటికీ కేబుళ్లు తగిలించాను. ఒకదానికి కరెంటు ప్లగ్గు సరిగా దూరలేదు. అరచేత్తో ఒక్కటి గుద్ది, వెళ్లిందిలే అనుకున్నాను. సీడీ పెట్టి ఎంటర్ నొక్కాను. ఏయే డిస్కులు దొరికాయో తెర మీద పట్టీ వచ్చింది. నేను చదవలేదు. డిస్కులన్నీ గుయ్యిమని ఒక్క గొంతుతో పాడుతుంటే, టీ తాగుతూ వచ్చినవాళ్లకల్లా నా ఏర్పాటు చూపించుకుంటూ కూర్చున్నాను.

పని అయ్యాక సొరుగులోని డిస్కు తగిలించాను, సీడీలు రాద్దామని. అందులో పెళ్లి లేదు. పిల్లల టైపింగ్ ప్రాక్టీసు ఉంది. జ్వరం వచ్చింది కాబట్టి సెలవు ఇప్పించమని ఒక పిల్లవాడు రాసిన అర్జీ ఉంది. చదువుతుంటే ఆ జ్వరం నాకు వచ్చింది.

సీడీలు ఎంతవరకు వచ్చాయని ఓబులేసన్న అడిగితే "చేస్తాండా అన్నా" అన్నాను. రెండో రోజూ అదే మాట. మూడో మాట కోసం ఆగకుండా, ఇంట్లో పని ఉందని చెప్పి ఆళ్లగడ్డ బస్సెక్కాను. బాషా దగ్గర కెమెరా క్యాసెట్లయినా ఉంటాయని ఆశ.

"క్యాసెట్లు యాడివప్పా? వాటి మీద ఉయ్యాలవాడ పెండ్లి తీసేస్తి గదా," అన్నాడు బాషా.

"కంప్యూటర్లో?"

"జాగా లేక తీసేస్తి. నీకాడ డిస్కుంది గదా, ఇంగేంది?"

ఏందో చెప్పాను. బాషా నన్ను తిట్టలేదు. స్టూలు చూపించి కూర్చోమన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. క్యాసెట్లన్నీ వేసి చూశాం. ఉయ్యాలవాడ పెళ్లికీ ఉయ్యాలవాడ విందుకూ మధ్య వాసవి పెళ్లి రవ్వంత మిగిలింది. అందులో ఎవరో పెద్దమనిషి ఒకాయన నోరు తెరుచుకుని లడ్డు లోపలికి పంపిస్తున్నాడు. అవ్వ లేదు.

తిరుగు బస్సులో ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ వచ్చాను. షాపులో ఓబులేసన్న లేడు, అల్లుణ్ని పండక్కి పిలవడానికి నేనొచ్చిన దారినే ఆళ్లగడ్డ వెళ్లాడట. లక్ష్మీదేవక్క ఒక్కతే కూర్చుని ఉంది. ఆమెను చూడగానే కూడబలుక్కున్నదంతా పోయింది. తల దించుకుని జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

అక్క చేతిలోని బిల్లు పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"పెండ్లి పోతే పోయిందిలే, పిల్ల కాపురం బాగుంది. మా అత్త గొంతు ఇంగొకసారి ఇంటా అనుకున్యా నేను," అంది.

నాకు ఏడుపొచ్చింది. అక్క కొంగుతో కళ్లు తుడుచుకుని, తనలో తాను అనుకున్నట్టు, "నువ్వు సూపించి పోతివి. నా బిడ్డ పెండ్లి గదా అని దానికొక్కదానికి అక్షింతలు గూడా ఏస్తి. దోసెడు ఏసి, సిందినవన్నీ బల్ల తుడిచి ఎత్తేస్తి," అంది.

అక్షింతలు. నాకు దూరని ప్లగ్గు గుర్తుకొచ్చింది.

ఒక్క ఉదుటున లేచి డిస్కులన్నిటినీ బల్ల మీద బోర్లించాను. ఒక్కొక్కదాని వెనక కరెంటు గుచ్చే చోట కన్నుపెట్టి చూస్తూ పోయాను. ఒకదాంట్లో, సూదుల మధ్య, పసుపు రాసిన బియ్యపు గింజ ఒకటి అడ్డంగా ఇరుక్కుని కూర్చుంది. నేను గుద్దిన గుద్దుకు ఇంకా గట్టిగా దిగింది. ప్లగ్గు సగమే ఎక్కింది. డిస్కుకు కరెంటే అందలేదు. మిగిలినవన్నీ గుయ్యిమని తుడిపించుకుంటుంటే ఇది మాత్రం చప్పుడు లేకుండా పడుకుంది. పట్టీ చదివి ఉంటే ఒకటి తక్కువైందని ఆ రోజే తెలిసేది. తెలిస్తే నేనేం చేసేవాణ్ని? ప్లగ్గు సరిచేసి, దాన్ని కూడా తుడిచి ఉండేవాణ్ని.

గింజను పిన్నుతో పైకి లాగాను. తగిలించి ఫైలు తెరిచాను. మేళం మోగింది. పెళ్లి పందిరి, జనం, జనం మధ్యలో నుంచి కెమెరా వెళ్లి ఎర్ర చీర కట్టుకున్న గురమ్మవ్వ ముందు ఆగింది. అవ్వ కెమెరా వైపు విసుగ్గా చూసింది.

"ఏమప్పా, ఆ పెట్టె పట్టుకోని నా యెనకాల పడినావు? పెండ్లికూతురు ఆడుంది, పోయి ఆమెను తియ్. నేను యాడికి పోతాన్లే, ఈడనే ఉంటా."

అని, చేతిలో ఉన్న అక్షింతలు కెమెరా మీదికే విసిరింది. అక్క ఏడుస్తూ నవ్వింది. నేను నేల మీద చతికిలబడ్డాను. ఒంట్లో ఎముకలన్నీ ఒక్కసారిగా సెలవు మీద వెళ్లినంత హాయిగా ఉంది.

దీపావళికి అందరం కలిసి చూశాం. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు ఓబులేసన్న. అవ్వ మాట వచ్చినప్పుడల్లా వెనక్కి తిప్పి మళ్లీ పెట్టమన్నాడు. చివర్లో నా భుజం తట్టి, "శానా బద్రంగా కాపాడినావప్పా," అన్నాడు. లక్ష్మీదేవక్క నవ్వు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు షాపు తెరవగానే దేవుడి పటం ముందు నిలబడి, కుంకుమ భరిణె సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకపై పేరు రాసి అంటించని హార్డ్ డిస్కును ముట్టను. తెర మీద వచ్చిన పట్టీ ఆసాంతం చదవనిదే ఎంటర్ నొక్కను. ప్లగ్గు దూరకపోతే గుద్దను, లోపలికి తొంగి చూస్తాను. అక్కడ బియ్యపు గింజ కనిపించిందా, దండం పెట్టి, ఆ డిస్కును ఉన్నచోటనే వదిలేస్తాను.